తేనెరంగు బిళ్ళ కోసం బోధన్ దాకా

మాఘమాసంలో నిజామాబాద్ వెళ్తున్నానంటే మా తణుకులో ఎవరూ నమ్మలేదు. పొద్దుట నడకలో తోడొచ్చే మిత్రుడు "అక్కడ ఏ దేవుడున్నాడండీ?" అని అడిగాడు. దేవుడు కాదు, ఒక పురుగు ఉంది, చూసి రావాలన్నాను. "మన కాలవగట్టున లేని పురుగా?" అని నవ్వాడు. ఆ పురుగు వయసు ఐదు కోట్ల ఏళ్ళని చెప్తే నడక ఆపి నా మొహం చూశాడు.

నేను డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. హిమజ నా విద్యార్థిని. కోస్తా నుంచి ఎప్పుడో వెళ్ళి, కాలవ నీళ్ళ కింద భూములు కొనుక్కున్న రైతులు బోధన్ చుట్టూ ఊళ్ళు కట్టుకున్నారు. వాటిని క్యాంపులంటారు. అలాంటి క్యాంపులో పుట్టిన పిల్ల, తణుకులో మేనత్త ఇంట్లో ఉండి నా దగ్గర చదివింది. తర్వాత ఉత్తరాదిన ఒక పరిశోధనశాలలో చేరింది. అక్కడ ఆమె పని అంబరు. చెట్టు బంక కారి, పురుగుల్ని తనలో ముంచుకుని, నేలలో కూరుకుపోయి, కోట్ల ఏళ్ళకు తేనెరంగు రాయి అవుతుంది. లోపలి పురుగు రెక్క నలగదు, మీసం విరగదు. గుజరాత్‌లో లిగ్నైట్ తవ్వే గనుల్లో దొరికే అంబరు ముక్కల్ని అరగదీసి, లోపలున్న ప్రాణిని సూక్ష్మదర్శినిలో చూసి, అది ఎవరి పూర్వీకురాలో తేల్చడం ఆమె చేసేది.

కిందటి కార్తీకంలో హిమజ చనిపోయింది. రక్తానికి వచ్చిన జబ్బు. ముప్ఫై నిండలేదు. చివరి నెలలు క్యాంపులోనే ఉంది. కొన్ని అంబరు ముక్కలు అనుమతితో తెచ్చుకుని, తడిపి రుద్దే సన్నటి గరుకు నీటికాగితం మీద అరగదీస్తూ గడిపింది. ఒకరోజు నాకు ఫోన్ చేసింది.

"సార్, ఒక కందిరీగ దొరికింది. నువ్వుగింజలో సగం లేదు. పురుగుల గుడ్లలో గుడ్డు పెట్టే జాతి. మా నాన్న చెరుకులో వదుల్తాడే, వాటి బంధువు. కానీ దీని మీసంలో ఒక కణుపు ఎక్కువుంది. ఇప్పటి వాటికి అరిగిపోయి కలిసిపోయిన కణుపు. దీనికి ఇంకా ఉంది. మధ్యమెట్టు సార్ ఇది!"

ఆ గొంతులో జబ్బు వినపడలేదు.

ఆమె పోయాక ముక్కలన్నీ పరిశోధనశాలకు చేరాయి, ఆ ఒక్కటి తప్ప. అది దొరికితే కొత్త జాతిగా ప్రకటించి దానికి హిమజ పేరు పెడతామని ఆమె గైడు చెప్పారట. ఆమె తీసిన ఫొటోలు మసకగా ఉన్నాయి. అసలు ఫొటో చాలదు కూడా. వస్తువు ఉండాలి, రాబోయే తరాలు తీసి చూసుకునేలా మ్యూజియంలో భద్రపరచాలి. హిమజ తండ్రి వీర్రాజు నాకు ఫోన్ చేశాడు.

"మాస్టారూ, మీరొచ్చి వెతకండి. భూతద్దంలో పురుగును చూపించింది గానీ, బిళ్ళ అరిగి అరిగి ఎట్లయిందో నాకు తెల్వదు. కొత్తవాళ్ళెవరో వచ్చి మా అమ్మాయి సామాన్లు కదుపుతుంటే నేను చూడలేను."

అందుకే వెళ్ళాను.

నిజామాబాద్: బంకల దుకాణం

రైలు దిగగానే పసుపు వాసన. కొత్త పసుపు మార్కెట్‌కు వచ్చే రోజులవి. ఆటోల మీద, బస్తాలు మోసేవాళ్ళ కనురెప్పల మీద కూడా పసుపే. మా వైపు పసుపును పెళ్ళిలోనో పండక్కో ఇంత చిటికెడుగా చూస్తాం. ఇక్కడ పారతో ఎత్తుతున్నారు. ఒక ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కట్లు తీసుకున్నాను. బిస్కట్ ముంచి పట్టుకుని ఎదురు గోడమీది బొమ్మ చూస్తూ కూర్చుంటే సగం విరిగి అడుగుకు పోయింది. పక్క బల్ల మీది పెద్దమనిషి "చాయ్‌ల ముంచితే ఊకె సూస్తరా కాకా? జెల్ది నోట్లెయ్యాలె" అన్నాడు. చెంచా అడిగి తెప్పించుకుని, అందరూ చూస్తుండగా అడుగున ఉన్నది తిన్నాను.

చావు జరిగిన ఇంటికి పళ్ళు, మిఠాయిలు పట్టుకెళ్ళడం నాకు నచ్చదు. ఏం తీసుకెళ్ళాలా అని ఆలోచిస్తే హిమజ మాట గుర్తొచ్చింది. "మా ఇంట్లో సంజెవేళ అయితే పొగే సార్. మా మామ్మ దోమల్నీ దయ్యాల్నీ ఒక్కసారే తోలేస్తుంది." తల్లి చిన్నప్పుడే పోతే ఆమెను పెంచింది ఆ మామ్మే, వీర్రాజు తల్లి. ఆవిడకు మంచి గుగ్గిలం పట్టుకెళ్దామని బజారులోకి వెళ్ళాను.

మూలికలు, ధూపద్రవ్యాలు అమ్మే పాత దుకాణం ఒకటి కనిపించింది. తెల్లగడ్డం సాయిబు గల్లాపెట్టె వెనక జపమాల తిప్పుతూ కూర్చున్నాడు. నేను అడగ్గానే నాలుగు డబ్బాలు దించి మూతలు తీశాడు.

"గిది లోబాన్, మీరు సాంబ్రాణంటరు. గిది నకిలీ, నీకియ్య. గిది సూడు సాబ్, అసల్ మాల్, సాల్ చెట్టు బంక."

మూడోది చేతిలోకి తీసుకున్నాను. గుజరాత్ అంబరు కూడా ఆ సాలవృక్షపు కుటుంబంలోని చెట్లదేనని హిమజ చెప్పేది. ఆ మాటే సాయిబుతో అన్నాను. ఆయన ఉత్సాహంగా తన జపమాలలోంచి ఒక పసుపుపచ్చటి పూస వేరు చేసి, చొక్కా చేతికి గబగబా రుద్ది, పొట్లాలు కట్టే కాగితపు తునక దగ్గర పెట్టాడు. తునక ఎగిరి పూసకు అంటుకుంది.

"కహ్రుబా! నువ్వన్న అంబర్ గిదే. గడ్డిపోసను దొంగతనం జేస్తది, గందుకే ఆ పేరు. మా తాత అరబ్బు దేశంకెల్లి తెచ్చిండు. తిమింగలం కడుపుల దొరుకుతదంట."

"తిమింగలం కడుపులో దొరికేది వేరు సాయిబుగారూ. ఇది చెట్టుదే."

"చెట్టుదైతే చెట్టుది. తాతకు నేనేం జవాబియ్యాలె?" అని నవ్వాడు.

నిజమైనదని ఎలా తెలుస్తుందని అడిగాను.

"కాల్సి సూడాలె. నకిలీదైతే ప్లాస్టిక్ కంపు గొడ్తది. అసల్‌దైతే దర్గాల వాసనొస్తది. గనీ కాల్సినంక అసల్‌దని తెలిసి ఏం ఫాయిదా సాబ్?"

ఇద్దరం నవ్వుకున్నాం. పొట్లం సంచిలో వేసుకుని బస్టాండుకు నడిచాను.

బస్సులో

బోధన్ బస్సులో నా పక్కన ఒక నడివయసు ఆవిడ కూర్చుంది. ఒళ్ళో చాట, చాటలో తడిగుడ్డ చుట్టిన తునికాకు కట్ట. చుట్టిన బీడీలు అప్పజెప్పి, మళ్ళీ చుట్టడానికి ఆకు తీసుకుని వెళ్తోంది. బొటనవేలు గోరు పొడుగ్గా పెంచింది, బీడీ అంచు మడవడానికట. మాటలు ఆమే మొదలుపెట్టింది.

"ఏ ఊరు బాపు?"

చెప్పాను. ఎక్కడికని అడిగింది. చదువు చెప్పిన పిల్ల పోయింది, ఆ ఇంటికి అన్నాను.

"అయ్యో! పెండ్లయిందా?"

"లేదమ్మా."

ఆమె చాట మీద చెయ్యి ఆపింది. "పిట్టకు పెట్టిండ్రా?"

మూడో రోజు చనిపోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి దూరంగా నిలబడతారట. కాకి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్ళ మనసులో ఏదో మిగిలిందని. మాకూ కాకికి పిండం పెట్టడం ఉంది. అయితే మా గోదావరి కాలవల దగ్గర కాకులకు కొదవ లేదు, పిలవకముందే వాలతాయి. ఇక్కడ బతిమాలతారు.

"మా అత్తకు పెడ్తే పొద్దుగూకెదాంక రాలే బాపు. కల్లు పోసినం, రాలే. మటన్ ఏసినం, రాలే. ఆఖరుకు మా ఆయన 'అవ్వా, నీ బర్రెను అమ్మ, కొట్టంలనే ఉంటది, రా' అన్నడు. గప్పుడు టక్కున వచ్చింది!"

"బర్రె ఉందా ఇప్పటికీ?"

"అమ్మితే రాత్రి కలలకొచ్చి తంతది" అని ఆమె నవ్వింది. నవ్వు ఆగాక, "మీ బిడ్డది ఏం మిగిలిందో పాపం" అంది. ఆ దొరకని బిళ్ళే అనుకున్నాను.

బోధన్

బస్టాండులో తెలుగు, ఉర్దూ, మరాఠీ ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. బండి మీద పోహా తిన్నాను. అటుకుల్లో పైన సేవ్ చల్లి నిమ్మకాయ పిండి ఇస్తారు. మా ఇంట్లో అటుకులంటే పాలు, బెల్లం. కృష్ణాష్టమికి తప్ప జ్ఞాపకం రావు. పక్కనే చక్కెర లేకుండా చాయ్ ఇమ్మన్నాను.

"చక్కెర ఊరికొచ్చి చక్కెర వద్దంటవేంది పెద్దాయనా?" అన్నాడు చాయ్ అతను. "ఫ్యాక్టరీ బందైనా గింతన్న దొరుకుతది తీస్కో."

మూతపడిన ఫ్యాక్టరీ పొగగొట్టం అక్కడికి కనిపిస్తూనే ఉంటుంది. ఇప్పుడు పొలాల్లో ఎక్కువగా వరే. వీర్రాజు మోటారుసైకిల్ మీద నన్ను తీసుకెళ్తూ, దారిలో అక్కడక్కడ మిగిలిన చెరుకు మడుల్ని చెయ్యెత్తి చూపించాడు, చుట్టాల ఇళ్ళు చూపించినట్టు.

"నేనెందుకు మానలేదంటే మాస్టారూ, అమ్మాయికి చెరుకంటేనే ఇష్టం. వరిలో ఏముంది నాన్నా, దాక్కోవడానికి కూడా కుదరదు అనేది."

బండి ఒక గతుకులో పడింది. నా కళ్ళజోడు ఎగిరి బోదెలో పడింది. వీర్రాజు దిగి, పంచె ఎగ్గట్టి, బురదలో చెయ్యి పెట్టి వెతికి తీసి, కడిగి, తన చొక్కాకు తుడిచి ఇచ్చాడు. "వెతికితే దొరుకుతది మాస్టారూ" అన్నాడు. కళ్ళజోడు గురించి అనలేదని నాకు అర్థమైంది.

క్యాంపు

క్యాంపులో వీధి, అరుగులు, వాకిట్లో ముగ్గులు మా పక్క ఊరిలాగే ఉన్నాయి. వీర్రాజు ఇక్కడే పుట్టాడు. అతని మాటలో ఇక్కడి మాట సగం కలిసింది. మామ్మగారు మాత్రం పెళ్ళై పల్లకీ దిగినట్టే మాట్లాడతారు. అన్నంలోకి మా వైపు ముద్దపప్పు, ఆవకాయ పెట్టి, పక్కన ఇక్కడి పచ్చిపులుసు పోశారు.

"మా అత్తగారు ఇది ముట్టనిచ్చేవారు కాదండీ మేష్టారూ, తెలంగాణా పులుసని. ఆవిడ పోయాకే నేర్చుకున్నాను. ఇప్పుడిది లేకపోతే ముద్ద దిగదు."

హిమజ ఒకసారి చెప్పిన సంగతి ఆ భోజనం దగ్గర గుర్తొచ్చింది. ఆ గుజరాత్ చెట్లు బంక కార్చిన కాలంలో మన దేశం ఆసియాను ఢీకొనబోతున్న ఒక పెద్ద దీవి. అంతకాలం సముద్రంలో ఒంటరిగా తేలింది కాబట్టి దాని పురుగులు ప్రపంచంలో మరెక్కడా లేని రకాలై ఉంటాయని అనుకునేవారు. అంబరులో చూస్తే వాటి దాయాదులు యూరప్‌లోనూ ఆసియాలోనూ ఉన్నారు. "దీవి అనుకున్నాం గానీ రాకపోకలున్నాయి సార్" అనేది.

దొరికాకే తల్లికి చెబుదామని వీర్రాజు అన్నాడు. మధ్యాహ్నమంతా హిమజ గది వెతికాం. నేను ఎప్పుడూ చేసే పద్ధతిలో గోడ వెంట మొదలుపెట్టి, ఒక్కో వస్తువు తీసి, చూసి, తీసినచోటే పెట్టాను. నీటికాగితాలు వాడినవి వాడినట్టే ఒక డబ్బాలో ఉన్నాయి. భూతద్దం ఉంది. ఒక చిన్న మందుడబ్బా మీద ఆమె రాతలో "మీసం" అని ఉంది. లోపల దూది మాత్రమే ఉంది, దూదిలో చిన్న గుంట.

వీర్రాజు గడపలోనే నిలబడ్డాడు. నేను ఏది తీసినా "అదేనా?" అని అడిగేవాడు. గాజుపెంకుకీ, గుండీకీ, ఎండిన జిగురుచుక్కకీ అడిగాడు. ఎద్దేవా చేసినవాళ్ళున్నారని మధ్యలో చెప్పాడు. "చావడి కాడ అన్నారు మాస్టారూ, పిల్ల పేరు పురుగుకు పెడ్తారంట, ఇంక మందు కొట్టేటప్పుడు వీర్రాజునడగాలె అని. అననియ్యి. వాళ్ళ పేర్లు ఆ చావడి గోడమీద కూడ ఉండవు. నా బిడ్డది పుస్తకాల్లో ఉంటది."

పొద్దు వాలేవరకు చూశాం. దొరకలేదు.

సంజెవేళ

మామ్మగారు మట్టిమూకుడులో నిప్పులు తెచ్చి వరండాలో కూర్చున్నారు. వీర్రాజు పశువుల దగ్గరికి వెళ్ళాడు. నేను గుగ్గిలం పొట్లం ఇచ్చాను. ఆవిడ చిటికెడు వేసి, పొగ లేవగానే కళ్ళు మూసుకున్నారు.

"మంచి సరుకేనండీ. ఇక్కడి సాంబ్రాణిలా గొంతు పట్టట్లేదు. అయితే మా అమ్మడి దగ్గరున్నదాని ముందు ఇది చిన్నపిల్ల. అది దీని జేజెమ్మ అయ్యుండాలి."

"ఏదండీ?"

"అదేనండీ, దాని సాంబ్రాణి బిళ్ళ. మూడో రోజు కాకికి పెట్టాం మేష్టారూ. ఎంతకీ రాదే! గారెలు పెట్టాం, కోవా పెట్టాం. మా వాడు చేతులు జోడించి ఏడుస్తున్నాడు. పొలానికొచ్చే గంగవ్వ లేదూ, అదంది: 'అవ్వా, పిల్లకు పానమసొంటిది ఏందో గది పెట్టుండ్రి' అని. అప్పుడు తట్టింది నాకు. పగలంతా ఆ బిళ్ళ రుద్దుకుంటూనే కూర్చునేది కదా! ఏంటే అమ్మడూ అంటే, 'చెట్టుబంక మామ్మా, నీ సాంబ్రాణి లాంటిదే, చాలా పాతది' అంది. కడసారి ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు కూడా దిండు కిందే పెట్టి వెళ్ళింది. తీసుకొచ్చి నిప్పుల మీద వేశాను."

మూకుడులో గుగ్గిలం బుడగలు కట్టి కరుగుతోంది. నేను దాన్నే చూస్తున్నాను.

"ఏం వాసనండీ అది! గుడిలో ఉన్నట్టుంది. ఆ పొగ పైకి లేచిందో లేదో, ఎక్కడినుంచో ఒకే ఒక్క కాకి వచ్చింది. ముద్ద ముట్టింది. దాని మనసులో ఇంకేమీ మిగల్లేదు మేష్టారూ. ఆ ఒక్కటీ చూసుకుని నేను అన్నం తింటున్నాను."

బిళ్ళ ఎలా ఉండేదని అడిగాను. చూపుడువేలి గోరంత, తేనెరంగు, మధ్యలో నల్లటి నలుసు.

"నలుసు ఉంటే ఉందిలే, కాలిపోతుంది కదా అనుకున్నాను" అన్నారు.

చెరుకు మడి దగ్గర

మర్నాడు పొద్దున్నే వీర్రాజుతో పొలానికి వెళ్ళాను. కాండం తొలిచే పురుగు గుడ్లను నాశనం చేయడానికి అతను చెరుకు ఆకుల అడుగున అట్టముక్కలు గుచ్చుతున్నాడు. ఆ అట్టల మీద అంటించిన గుడ్లలోంచి కంటికి ఆనని కందిరీగలు బయటికొస్తాయి. చేతిలో పని ఉండగానే చెప్పేశాను. మామ్మగారు చెప్పింది చెప్పినట్టు చెప్పాను. ఏమీ కలపలేదు, తగ్గించలేదు.

అతను చేతిలో అట్టను ఆకుకు గుచ్చడం పూర్తి చేశాడు. తర్వాత గట్టు మీద కూర్చున్నాడు.

"నేనే కదా మాస్టారూ ఊదింది."

నాకు అర్థం కాలేదు.

"అమ్మకు ఊపిరాడక మూకుడు నా చేతికిచ్చింది. నిప్పు ఆరిపోతుందని నేనే ఊదిన. బాగా అంటుకునేదాకా ఊదిన. పొగ మొహానికి కొట్టింది. మంచి వాసన అనుకున్న." చేతికంటిన మట్టి దులుపుకున్నాడు. "భూతద్దంలో చూపించినప్పుడు కాళ్ళు కూడా కనపడ్డయి. నాన్నా, ఇది గుడ్డు పెట్టడానికి బయల్దేరింది, చేరలేదు అని చెప్పింది."

అక్కడినుంచే గైడుకు ఫోన్ చేశాను. దొరకలేదని చెప్తే ఇంకా వెతకమంటారు. అందుకని జరిగింది చెప్పాను. ఫొటోలు భద్రంగా దాచిపెడతాం, పేరు మాత్రం పెట్టలేం అన్నారు. అదే వీర్రాజుతో చెప్పాను.

"అమ్మకు చెప్పకండి" అన్నాడు. "పురుగుకు పేరు సంగతి ఆమెకు తెల్వదు. తెలిస్తే ఆ కాకి కూడా పోతది ఆమెకు."

జేబులోంచి హిమజ భూతద్దం తీసి అట్ట మీద పెట్టి చూశాడు. రోజూ చూస్తాడట.

"వీటికి ఆ కణుపు లేదు కదా?"

"లేదు."

"ఎక్కడ పోయింది?"

"అవసరం తగ్గేకొద్దీ తరతరానికీ కొంచెం కొంచెం కలిసిపోయి ఉంటుంది వీర్రాజూ. హిమజ చూసినది ఇంకా పోనిదాన్ని. అలాంటిది ఉండేదని ఈ లోకంలో చూసి చెప్పింది తనొక్కతే."

"మనమూ చూశాం" అన్నాడు.

"నేను చూడలేదు. నువ్వు చూశావు."

అతను తలూపి, మిగిలిన అట్టలు తీసుకుని చెరుకులోకి వెళ్ళాడు. ఆకుల చప్పుడు చాలాసేపు ఒక్కచోటే వినిపించింది.

తిరుగు ప్రయాణం

బయల్దేరేటప్పుడు మామ్మగారు వాకిట్లోకి వచ్చి బెల్లం దిమ్మ నా సంచిలో పెట్టారు. మా తణుకు బెల్లం కన్నా నల్లగా ఉంది, రుచి ఎక్కువ. వీర్రాజు బండి మీద ఎక్కి కూర్చున్నాడు.

"మేష్టారూ, అమ్మడి దగ్గరున్నదానిలాంటి సాంబ్రాణి మీ తణుకులో ఎక్కడైనా దొరికితే పంపించండి. సంవత్సరీకానికి వేస్తాను."

"అది ఇంక దొరకదండీ."

"చెట్లు కొట్టేశారా?"

"కొట్టలేదండీ. పోయాయి. చాలా కాలమైంది."

"అయ్యో" అన్నారు. కొంగుతో మొహం తుడుచుకున్నారు. "పోన్లెండి. ఉన్న ఒక్కటీ దానికే ముట్టింది."

వీర్రాజు మొహం అటు తిప్పుకుని కిక్ కొట్టాడు. బండి మొదటిసారికి స్టార్ట్ కాలేదు.